పెట్టెనే అడిగి రాసుకోండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి చదువుకున్న పిల్లలు వలస పోవడం ఇవాళ్టి సంగతి కాదు. నెట్‌వర్క్ పని నేర్చినవాళ్ల సంగతీ అంతే. ఒక ఆఫీసులో రౌటర్ బిగించి, లైను ఎక్కించి, రెండేళ్లు దాని బాగోగులు చూసిన కుర్రవాడు మంచి జీతం దొరగ్గానే విశాఖపట్నమో హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోతాడు. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ రౌటర్‌లో ఏ నంబరు ఎందుకు పెట్టాడో, ఏ శాఖకు ఏ దారి చూపించాడో ఆ వివరం కూడా అతనితో బస్సెక్కి వెళ్లిపోతే అది పెద్ద తప్పు. ఆ తప్పు అతని ఒక్కడిదే అనలేం. మనం పని నేర్పే పద్ధతిలోనే అది ఉంది. లైను వచ్చిందా లేదా అని అడుగుతాం, వచ్చిందంటే పని అయిపోయిందనుకుంటాం. సెట్టింగు పెట్టడం సగం పని మాత్రమేనని, పెట్టినదాన్ని పరికరం నోటితోనే చెప్పించి, చదివి, రాసిపెట్టడం మిగతా సగమని ఈ అధ్యాయంలో నా వాదన. ఆ రెండో సగం చేతకాని మనిషి ఎన్ని కమాండ్లు కంఠస్థం చేసినా ఇంకా సగం పనివాడే.

ఈ మాటకు ఉదాహరణగా, దూరదూరంగా ఉన్న ఆఫీసులను కలిపే ఫ్రేమ్ రిలే పద్ధతిని తీసుకుంటున్నాను. పాతబడిన పద్ధతి కదా అన్న ప్రశ్న ఉండనే ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు అది పుట్టిన కారణం చూడాలి. దానికి ముందు రాజ్యమేలిన ఎక్స్.25 పద్ధతిలో ప్రతి మజిలీలోనూ డేటాను సరిచూసేవారు. తప్పు కనబడితే ఆ మజిలీలోనే మళ్లీ తెప్పించుకునేవారు. రాగి తీగల మీద గరగర ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆ జాగ్రత్త అవసరమే. మన టెలికాం శాఖ నడిపిన ఐ-నెట్ కూడా ఎక్స్.25 మీద మొదలైందే. ఫైబర్ వచ్చి తప్పులు తగ్గాక, అడుగడుగునా తనిఖీ ఎందుకన్న ఆలోచన వచ్చింది. పాడైన ఫ్రేము కనబడితే పారేయడం వరకే నెట్‌వర్క్ పని, మళ్లీ పంపించుకునే బాధ్యత రెండు చివర్ల యంత్రాలది అన్నారు. అదే ఫ్రేమ్ రిలే. 1990లో సిస్కో, డిజిటల్ ఎక్విప్‌మెంట్, నార్తర్న్ టెలికాం, స్ట్రాటాకామ్ సంస్థలు కలిసి ఈ పద్ధతికి ఒక చేర్పు ప్రతిపాదించాయి. దాని పేరు ఎల్ఎంఐ, అంటే లోకల్ మేనేజ్‌మెంట్ ఇంటర్‌ఫేస్. చేసే పని చిన్నది. రౌటర్ మామూలుగా పది సెకన్లకోసారి స్విచ్చిని "ఉన్నావా?" అని అడుగుతుంది, స్విచ్ "ఉన్నాను" అంటుంది. ఆరోసారి అడిగినప్పుడు మాత్రం "నా దగ్గరున్న సర్క్యూట్లన్నిటి పరిస్థితీ చెప్పు" అని అడుగుతుంది, స్విచ్ పూర్తి జాబితా ఇస్తుంది. ఈ రెండు మార్పులూ ఒకదానికొకటి తోడు. నడిమి తనిఖీ తగ్గించిన చోటే చివర్లలో నివేదిక పెంచారు. ఎవరూ సరిదిద్దని దారిలో డేటా పంపేవాడికి ఆ దారి ఎలా ఉందో ఎప్పటికప్పుడు తెలియాలి మరి. నివేదికను ఈ పద్ధతి రూపకల్పనలోనే భాగం చేశారు కాబట్టే నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే మంచి పాఠం నాకు కనబడలేదు.

ఒక సంస్థకు శ్రీకాకుళంలో కేంద్ర కార్యాలయం, టెక్కలి, పలాస, పాలకొండ, పార్వతీపురం, విజయనగరాల్లో శాఖలు ఉన్నాయనుకుందాం. ప్రతి చోటునూ ప్రతి చోటుతో విడివిడిగా కలపాలంటే ఆరు ఊళ్లకు 15 దారులు కావాలి. అన్నిటినీ శ్రీకాకుళానికే కలిపితే ఐదు చాలు. ఫ్రేమ్ రిలేలో ఈ దారులు విడి తీగలు కావు. ఒకే తీగ మీద నంబర్లతో వేరుచేసిన ఊహాదారులు, పీవీసీలు అంటారు. ఆ నంబరును డీఎల్‌సీఐ అంటారు. పది బిట్ల నంబరు కాబట్టి 0 నుంచి 1023 దాకా ఉంటుంది, వాడకందారులకు సాధారణంగా 16 నుంచి 1007 వరకు ఇస్తారు. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. శ్రీకాకుళం రౌటర్‌లో పార్వతీపురం సర్క్యూట్ నంబరు 105 అయితే, పార్వతీపురం రౌటర్‌లో అదే సర్క్యూట్ నంబరు 201 కావచ్చు. రెండూ ఒకటే ఉండాలన్న నియమం లేదు. దీనికి మన ఇళ్లలోనే మంచి పోలిక ఉంది. ఒకరు "మామా" అని పిలిస్తే అవతలివారు "అల్లుడూ" అంటారు. బంధం ఒకటే, ఎవరు నిలబడిన చోటు నుంచి వారి వరస. అల్లుడి ఇంట్లో రాసిన వరసల జాబితా పట్టుకుని మామ ఇంటికి వెళ్లి అవే పిలుపులు పిలిస్తే ఎంత గందరగోళమో, శ్రీకాకుళంలో రాసుకున్న నంబర్లను పార్వతీపురంలో ఎక్కిస్తే అంతే. కాబట్టి కాగితం మీద "డీఎల్‌సీఐ 105" అని మాత్రమే రాస్తే ఏమీ రాయనట్టే లెక్క. ఎవరి వైపు నుంచి 105 అన్నది లేకుండా ఆ అంకెకు అర్థం లేదు.

ఇప్పుడు పరికరాన్ని అడిగే పని. సిస్కో రౌటర్‌లో "షో ఫ్రేమ్-రిలే పీవీసీ" అని కొడితే ప్రతి సర్క్యూట్‌కూ ఒక స్థితి చెబుతుంది. యాక్టివ్ అంటే ఇటూ అటూ బాగానే ఉన్నట్టు స్విచ్ చెబుతోందన్నమాట. ఇనాక్టివ్ అంటే మన రౌటర్ నుంచి స్విచ్ దాకా బాగుంది, అవతలి వైపు ఎక్కడో తెగింది. డిలీటెడ్ అంటే మనం రౌటర్‌లో పెట్టిన నంబరు స్విచ్ ఇచ్చే జాబితాలోనే లేదు. మన దగ్గర అంకె తప్పు పడిందో, లైను ఇచ్చేవారు ఆ సర్క్యూట్ ఇంకా వేయలేదో, వేసి తీసేశారో. ఈ మూడు మాటల్ని బట్టి మీ ప్రయాణం మారిపోతుంది. ఇనాక్టివ్ అని చూసి శ్రీకాకుళం రౌటర్‌ను విప్పుతూ కూర్చుంటే పొద్దు వృథా, పార్వతీపురానికి ఫోన్ చేసి అక్కడ పెట్టె వెలుగుతోందా అని అడగాలి. డిలీటెడ్ అని చూసి పార్వతీపురం బస్సెక్కితే అదీ వృథాయే, లైను ఇచ్చేవారితో నంబరు సరిచూసుకోవాలి. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళానికి వంద కిలోమీటర్లకు పైనే ఉన్న ప్రాంతంలో, ఒక మాట సరిగ్గా చదవడం ఒక రోజు ప్రయాణం మిగులుస్తుంది. అదే నివేదికలో సర్క్యూట్ ఎప్పుడు పుట్టిందో, దాని స్థితి చివరిసారి మారి ఎంతసేపయిందో చెప్పే వరసలు కూడా ఉంటాయి. ఆఖరి వరసను చాలామంది చూడరు. "పొద్దున్నుంచి పనిచేయడం లేదు" అని శాఖవారు చెబుతుంటే, స్థితి మారి మూడు రోజులయిందని రౌటర్ చెప్పవచ్చు. లేదా అసలు మారనే లేదనవచ్చు. అప్పుడు వెతకవలసిన చోటు లైను కాదు, ఆ పైన నడిచేదేదో అయి ఉంటుంది.

అలాగని యాక్టివ్ అన్న మాట చూసి గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోనక్కర్లేదు. ఎల్ఎంఐ సంభాషణ మన రౌటర్‌కూ మన పక్క స్విచ్చికీ మధ్య జరిగేది. ఫ్రేములో డేటాను చుట్టే తీరు ఒక చివర సిస్కో పద్ధతిలో, ఇంకో చివర ఐఈటీఎఫ్ పద్ధతిలో పెట్టి ఉంటే, రెండు వైపులా యాక్టివ్ అనే కనబడుతుంది, డేటా మాత్రం దాటకపోవచ్చు. "షో ఫ్రేమ్-రిలే మ్యాప్" అడిగితే ఏ ఐపీ చిరునామాకు ఏ డీఎల్‌సీఐ దారో చెబుతుంది. ఆ దారి మనం చేత్తో రాసిందా, ఇన్వర్స్ ఆర్ప్ ద్వారా రౌటర్ తానుగా తెలుసుకుందా అన్నది కూడా స్టాటిక్, డైనమిక్ అన్న మాటల్లో ఉంటుంది. ఇది చిన్న వివరంలా కనిపిస్తుంది గాని, అన్నీ శ్రీకాకుళానికే కలిపిన మన నమూనాలో టెక్కలి నుంచి పాలకొండకు డేటా వెళ్లాలంటే టెక్కలి రౌటర్‌కు పాలకొండ చిరునామా కూడా శ్రీకాకుళం నంబరు మీదుగానే అని ఎవరో చేత్తో చెప్పి ఉండాలి. మధ్యలో మూడో ఊరి మీదుగా వెళ్లే దారిని ఇన్వర్స్ ఆర్ప్ కనిపెట్టలేదు. ఎవరో చేత్తో చెప్పిన సంగతి ఎక్కడా రాసి లేకపోతే, రౌటర్ మార్చిన రోజున శ్రీకాకుళంతో మాట్లాడే టెక్కలి, పాలకొండతో మాట్లాడదు. కారణం దొరకదు. అందుకే నివేదికను రెండు చివర్ల నుంచీ, ఒకే రోజున తీసుకోమంటాను.

ఈ రెండు చివర్ల మాట మన రైతులకు కొత్తగా చెప్పాల్సింది కాదు. హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ నుంచి వంశధార ఎడమ కాలువ టెక్కలి, పలాస వైపు వెళ్తుంది. తల దగ్గర గేజీ మీద నీరు ఎంత చూపించినా, శివారు మదుము దగ్గర ఎంత పారిందన్నదే శివారు రైతుకు లెక్క. తల లెక్క, శివారు లెక్క పక్కపక్కన పెట్టినప్పుడే మధ్యలో ఎంత పోయిందో తెలుస్తుంది. ఫ్రేమ్ రిలే ఒప్పందం కూడా నీటి వాటా లాంటిదే. సీఐఆర్ అన్నది లైను ఇచ్చేవారు మాట ఇచ్చిన వాటా. సెకనుకు 64 కిలోబిట్ల వాటా ఉన్నా, కాలువలో జాగా ఉంటే అంతకు మించి పంపనిస్తారు. ఆ మించినదాని మీద డీఈ అని గుర్తు పడుతుంది. రద్దీ వస్తే మొదట కోత పడేది ఆ గుర్తున్న ఫ్రేములకే. రద్దీ సంగతి ముందుకు చెప్పేది ఎఫ్ఈసీఎన్, వెనక్కి చెప్పేది బీఈసీఎన్. ఇవన్నీ పీవీసీ నివేదికలో లెక్కలుగా కనబడతాయి. ఎన్ని ప్యాకెట్లు వచ్చాయి, ఎన్ని వెళ్లాయి, ఎన్ని పారేశారు, ఎన్నిటి మీద ఏ గుర్తుంది. శ్రీకాకుళం నుంచి వెళ్లినవెన్నో, పలాసకు చేరినవెన్నో పక్కపక్కన రాస్తే దారిలో పోయినదెంతో బయటపడుతుంది. "నెట్ స్లో" అన్న ఫిర్యాదుకు ఇంతకంటే న్యాయమైన సాక్ష్యం లేదు. లైను ఇచ్చేవారితో వాదించవలసి వచ్చినా, వాటా పెంచుకోవాలని యాజమాన్యాన్ని అడగవలసి వచ్చినా గొంతు పెంచే పని ఉండదు, ఈ అంకెలు చూపిస్తే చాలు. అయితే ఒక రోజు లెక్క చూసి తీర్పు చెప్పకూడదు. కాలువ మీద లస్కరు రోజూ అదే గేజీ చూసి రాయడంలో ఉన్న విలువ అదే. నిన్నటి అంకె లేకుండా ఇవాళ్టి అంకెను ఎక్కువనీ తక్కువనీ అనలేం.

ఇక ఈ తీరప్రాంతానికి ప్రత్యేకంగా పట్టే సంగతి కరెంటు. రౌటర్‌లో మనం మార్చిన సెట్టింగు వెంటనే నడుస్తుంది గాని, అది నడుస్తున్న జ్ఞాపకంలోనే ఉంటుంది. భద్రం చేయమని విడిగా చెప్పకపోతే కరెంటు పోయి వచ్చాక పెట్టె పాత సెట్టింగుతోనే లేస్తుంది. అందుకే రన్నింగ్ కాన్ఫిగ్, స్టార్టప్ కాన్ఫిగ్ అని రెండు నివేదికలు ఉంటాయి. రెండూ తీసి వరస వరసా పోల్చాలి. తేడా ఉంటే ఎవరో మార్చి, భద్రం చేయకుండా వదిలేశారన్నమాట. మామూలు కోతలకే ఇది ముప్పు, తుఫాన్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలు కూడా దెబ్బతిన్నాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం తాకి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. కరెంటు స్తంభాలు కూలాయి, ఫోన్లు మూగబోయాయి. అలాంటి వారంలో తడిసి పాడైన రౌటర్ స్థానంలో కొత్తది పెట్టాల్సి వస్తే, సెట్టింగుల ప్రతి ఇంటర్నెట్‌లో ఎక్కడో భద్రంగా ఉందనడం వల్ల ఉపయోగమేముంది? ఆ ఇంటర్నెట్ రావాలంటేనే కదా ఈ రౌటర్ లేవాలి! అచ్చు తీసిన కాగితం ఒకటి ప్లాస్టిక్ కవరులో, రౌటర్ ఉన్న గదికి దూరంగా, తాళం వేసిన బీరువాలో ఉండాలి. కంప్యూటర్ యుగంలో కాగితమేమిటని నవ్వేవాళ్లు అక్టోబరు నెలలో ఈ తీరాన ఉండి చూడాలి.

ఇప్పుడు మొదట వాయిదా వేసిన ప్రశ్న. ఫ్రేమ్ రిలే పోయింది కదా, పోయినదాన్ని పట్టుకుని ఎందుకీ పాఠం? పోయిన మాట నిజమే. సిస్కో కూడా 2016లో సీసీఎన్ఏ పాఠ్యాంశాలను మార్చినప్పుడు దాన్ని తీసేసింది. కొత్తగా ఫ్రేమ్ రిలే లైను వేయమని ఎవరికీ చెప్పను. కానీ పోయింది పేరే. దాని చోటికి వచ్చిన ఎంపీఎల్ఎస్‌లో ప్యాకెట్ మీద అంటించే లేబుల్‌కు కూడా అర్థం పక్కపక్కనున్న రెండు రౌటర్ల మధ్యనే. ముందుకెళ్తే అది మారిపోతుంది. 2001లో వచ్చిన ఆ ప్రమాణాలలో ఫ్రేమ్ రిలే స్విచ్చుల మీదే లేబుల్ పద్ధతి నడిపే తీరుకు విడిగా ఒక పత్రం కూడా ఉంది. మామా అల్లుళ్ల వరస అక్కడా తప్పలేదు. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి ఊళ్లకు ఇచ్చిన ఏపీ ఫైబర్‌నెట్ పెట్టె దగ్గరికి వచ్చినా, స్విచ్చిలో పెట్టే వీల్యాన్ నంబరు దగ్గరికి వచ్చినా అడగాల్సిన ప్రశ్నలు అవే. నేనేం పెట్టాను, నువ్వేం పట్టుకున్నావు, అవతలివాడు నిన్ను ఎలా చూస్తున్నాడు? ఫ్రేమ్ రిలేలో ఈ మూడు ప్రశ్నలకూ జవాబులు విడివిడిగా, చేతికి అందేలా ఉంటాయి. కొత్త పద్ధతుల్లో అవే జవాబులు పొరల కింద కప్పబడి ఉంటాయి. ఈత చెరువులో నేర్చుకున్నవాడు ఏటిలోనూ ఈదగలడు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. ఇవన్నీ యంత్రమే చేసిపెడుతుంటే మనిషి ఎందుకు రాయాలి? నెట్‌వర్క్‌ను గమనించే సాఫ్ట్‌వేర్ ఎస్ఎన్ఎంపీ అనే పద్ధతి ద్వారా ప్రతి పెట్టెనూ అడిగి లెక్కలు తెచ్చి పెడుతుంది. నిజమే, నేను ఆ పనిముట్లకు అడ్డు చెప్పను. అసలు ఫ్రేమ్ రిలే పరికరాల సెట్టింగులను దూరం నుంచి అడిగే పట్టిక 1992లోనే ఆర్ఎఫ్‌సీ 1315 అనే ప్రమాణ పత్రంగా వచ్చింది, 1997లో ఆర్ఎఫ్‌సీ 2115గా సవరించారు. అందులో ఎల్ఎంఐ సెట్టింగులకు ఒక పట్టిక, సర్క్యూట్లకు ఒకటి, తప్పులకు ఒకటి ఉన్నాయి. సర్క్యూట్ స్థితి మారితే అడగకముందే కబురు పంపే ఏర్పాటు కూడా ఉంది. ఎన్నిసార్లు జవాబు రాకపోతే లైను పడిపోయినట్టు లెక్కగట్టాలన్న అంకె దగ్గర్నుంచి అన్నీ చదవవచ్చు. మామూలుగా అది నాలుగింట మూడు. ఇంత ఉన్నా పనిముట్టు చెప్పేది "ఉన్నది ఇది" అని మాత్రమే. "ఉండవలసింది ఇది" అన్నది దానికి ఎవరో చెప్పాలి. 105 అన్న అంకె సరైనదో కాదో అంకెను చూస్తే తెలియదు, లైను ఇచ్చేవారు రాసిచ్చిన కాగితంతో పోల్చితేనే తెలుస్తుంది. అందుకే మీ పుస్తకంలో రెండు గడులు గీయండి. ఒకదాంట్లో కావాలనుకున్నది, పక్కన పరికరం చెప్పింది. రెండోదాన్ని పరికరం చెప్పినట్టే ఎక్కించాలి, మన జ్ఞాపకంతో నింపకూడదు. కమాండు కొట్టినంత మాత్రాన పరికరం దాన్ని ఒప్పుకున్నట్టు కాదు. పొరపాటున వేరే ఇంటర్‌ఫేస్ మీద పడి ఉండొచ్చు, ఒక అక్షరం తేడాతో తిరస్కరించి ఉండొచ్చు. మూడో గడి కూడా ఉంటే మేలు, ఎందుకు ఇలా పెట్టామన్నది. ఆ గడి ఏ సాఫ్ట్‌వేరూ నింపలేదు.

ఆ మూడో గడి అవసరం ఈ జిల్లాల చరిత్ర చూస్తే బాగా అర్థమవుతుంది. ఇక్కడ పేర్లు కుదురుగా ఉండవు. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా పుట్టినప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉన్న పాలకొండ అందులోకి వెళ్లింది, రాజాం విజయనగరం జిల్లాలోకి వచ్చింది. సంస్థలూ అంతే. శ్రీకాకుళం కేంద్రంగా ఉన్న శ్రీ విశాఖ గ్రామీణ బ్యాంకు 2006 మార్చి 31న మరికొన్నిటితో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు అయింది. 2025 మే 1 నుంచి రాష్ట్రానికి ఒకే గ్రామీణ బ్యాంకు వచ్చింది. రౌటర్‌లో ఇంటర్‌ఫేస్ పక్కన రాసుకునే వివరణ వరసలో "శ్రీకాకుళం జిల్లా పాలకొండ" అని ఉంటే, కొత్తగా చేరిన మనిషి శ్రీకాకుళం జిల్లా జాబితాలో పాలకొండను వెతికి, లేదని ఆ సర్క్యూట్‌ను పనికిరానిదిగా తీసేయవచ్చు. పరికరం అబద్ధం చెప్పలేదు, మనం దానికి చెప్పిన మాటే పాతబడింది. వివరణ వరసలో జిల్లా పేరు కంటే సర్క్యూట్ నంబరు, ఊరి పేరు, వేసిన తేదీ మన్నికైనవి. జిల్లా రాయాల్సి వస్తే పాతదీ కొత్తదీ రెండూ రాయాలి.

ఇంత రాసిపెడితే దొంగ చేతికి తాళం ఇచ్చినట్టు కాదా అని భద్రత తెలిసినవారు అడుగుతారు. నాకు అన్నిటికంటే గౌరవమున్న అభ్యంతరం ఇదే. సెట్టింగుల నివేదికలో పాస్‌వర్డ్లు కూడా వస్తాయి. సిస్కోలో "సర్వీస్ పాస్‌వర్డ్-ఎన్‌క్రిప్షన్" పెట్టామని ధైర్యపడేవాళ్లున్నారు. ఆ టైప్ 7 మరుగును విప్పడం నిమిషం పని. ఎస్ఎన్ఎంపీ మొదటి రెండు వెర్షన్లలో కమ్యూనిటీ అనే రహస్యపదం లైను మీద బట్టబయలుగానే వెళ్తుంది. చాలా చోట్ల అది "పబ్లిక్" అన్న ఫ్యాక్టరీ మాటగానే మిగిలిపోతుంది. కాబట్టి నివేదికను రాయడం మానేయకండి, రాసేముందు శుభ్రం చేయండి. పాస్‌వర్డు వరసలను, కమ్యూనిటీ పదాన్ని కొట్టేసి, అక్కడ "విడిగా ఉంది" అని రాసి, వాటిని మూసిన కవరులో బాధ్యుల చేతికి ఇవ్వాలి. ఇక ఒకరు ఉద్యోగం వదిలి వెళ్లే రోజున కాగితం అప్పగించి చేతులు దులుపుకుంటే చాలదు. వెళ్లేవారు కాగితం చదువుతుండగా వచ్చేవారు రౌటర్ ముందు కూర్చుని ఒక్కో నివేదికా తీసి పోల్చాలి. తేడా వచ్చిన వరసలన్నీ ఇద్దరూ కలిసి సరిచేశాక కాగితం కింద ఇద్దరి పేర్లూ, ఆ రోజు తేదీ పడాలి, కవరులోని పాస్‌వర్డ్లు ఆ సాయంత్రానికే మారాలి.